మరక కింద, జబ్బు పైన



ఇంటి కప్పు మీద గోధుమరంగు మరక పడితే మనవాళ్ళు ముందుగా పిలిచేది పెయింటర్ని. అతనొచ్చి, గరుకు కాగితంతో గీకి, పుట్టీ పట్టించి, రెండు కోట్లు రంగేసి వెళ్ళిపోతాడు. సంక్రాంతికి ఇల్లు కళకళలాడుతుంది. ఆషాఢం వచ్చేసరికి అదే చోట, ఈసారి ఇంకొంచెం పెద్దదిగా మరక తేలుతుంది. అప్పుడు పెయింటు కంపెనీని తిట్టుకుంటాం. నిజానికి ఈ పనిలో పెయింటరు అందరికంటే ఆఖర్న రావలసిన మనిషి. మరక కింద కనిపిస్తోంది కాబట్టి బాగుచేయాల్సింది కూడా కిందే అనుకుంటాం. చెడింది పైన. దాని సంగతి చూడకుండా కింద ఎంత డబ్బు పోసినా అదంతా సున్నానికీ పుట్టీకే పోతుంది. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దాని వివరం.

అయితే డాబా ఎక్కే ముందు ఒక మాట. ఈ నిమిషంలో బొట్లు పడుతున్న ఇంట్లో, అవి ఫ్యాను కొక్కెం దగ్గర్నుంచో లైటు డబ్బా దగ్గర్నుంచో పడుతుంటే, బకెట్ సంగతి తర్వాత, ముందు ఆ గదికి కరెంటు ఆపండి. తడి చేత్తో స్విచ్చి నొక్కడం కాదు, మెయిన్ బోర్డులో ఎంసీబీ దించాలి. శ్లాబు పోసేటప్పుడే కరెంటు పైపులు అందులో పెట్టి పోస్తారు కదా, కప్పులోకి దిగిన నీళ్ళకి ఆ పైపుకంటే సులువైన దారి దొరకదు. చాలా ఇళ్ళలో మొదటి బొట్టు ఫ్యాను దగ్గరే రాలడానికి కారణం అదే. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు తెంచేసే ఆర్‌సీసీబీ ఇంట్లో ఉంటే మంచిదే, ప్రాణం కాపాడుతుంది. అది ఉంది కదా అని తడిసిన స్విచ్చి జోలికి మాత్రం పోవద్దు. ఎలక్ట్రీషియన్ వచ్చి విప్పి చూసేదాకా ఆ ఫ్యాను వేయకండి.

జిప్సమ్ బోర్డులతో ఫాల్స్ సీలింగ్ చేయించుకున్నవాళ్ళకి ఇంకో చిక్కు. నీళ్ళు బోర్డు మీద చేరి, అది కిందికి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కింద ఎవరూ లేకుండా చూసి, కరెంటు ఆపేసి, పక్కగా నిచ్చెన వేసుకుని, బాగా దిగిన చోట స్క్రూడ్రైవరుతో చిన్న చిల్లు పెట్టి, నీళ్ళని బకెట్లోకి వదిలేయండి. చేతులారా చిల్లు పెట్టడానికి మనసొప్పదు. కానీ ఊరుకుంటే బోర్డు బోర్డంతా ఒక్కసారిగా ఊడి మంచం మీద పడుతుంది. లీటరు నీళ్ళు కిలో బరువు, తడిసిన జిప్సమ్‌కి అంత మోసే సత్తువ ఉండదు. ఇంకా ఫాల్స్ సీలింగ్ వేయించబోతున్నవాళ్ళుంటే నా సలహా ఒకటి. పై అంతస్తు శ్లాబు కిందా, స్నానాల గది కిందా వేసేచోట మనిషి తల దూరేంత చిన్న తలుపు వదలమనండి. అందం పోతుందని డిజైనరు ఒప్పుకోడు. ఒప్పించండి. ఆ తలుపు లేని ఇంట్లో శ్లాబు రెండేళ్ళు కారినా ఇంట్లోవాళ్ళకి తెలియదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. పాత నోటుపుస్తకం ఒకటి తీసుకుని, ఎప్పుడు కారిందో, ఎంతసేపు కారిందో రాసుకోండి. వాన పడినప్పుడే కారితే డాబాని అనుమానించాలి. వాన లేకపోయినా రాత్రీ పగలూ ఒకే తీరుగా చెమ్మ ఉంటే, అది నీళ్ళొచ్చే పైపు. దాంట్లో ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి కారడం ఆగదు. పొద్దున్న స్నానాల వేళకి ఎక్కువై మధ్యాహ్నానికి తగ్గుతుంటే, వాడిన నీళ్ళు పోయే పైపో, స్నానాల గది నేలో అయి ఉండాలి. మోటారు వేసినప్పుడల్లా వస్తుంటే ట్యాంకు పొర్లుతోంది. వేసవి రాత్రుల్లో మాత్రమే గోడ మూల తడుస్తుంటే ఏసీ నీళ్ళ గొట్టం చూడండి, అందులో నాచో పురుగులు పెట్టిన మట్టో అడ్డుపడి ఉంటుంది.

మరకని చూసినా కొంత తెలుస్తుంది. తుప్పురంగు చారలు వరసగా గీత గీసినట్టు వచ్చాయంటే, నీళ్ళు లోపలి ఇనుప కడ్డీల దాకా చేరాయన్నమాట. తెల్లటి పొడి రాలుతున్నా, కప్పు నుంచి సన్నటి తెల్లటి పుల్లలు వేలాడుతున్నా అది సిమెంటులోని సున్నం. నీళ్ళు శ్లాబు గుండా దిగుతూ దాన్ని కరిగించి తెస్తాయి, కిందికొచ్చాక గాలి తగిలి గట్టిపడుతుంది. బొర్రా గుహల్లో కప్పు నుంచి వేలాడే రాళ్ళు కూడా ఈ సున్నపు పదార్థమే. అవి తయారవడానికి వేల ఏళ్ళు పట్టింది, మన హాల్లో నాలుగైదు వానాకాలాలు చాలు.

అన్నిటికంటే తిప్పలు పెట్టే సంగతి, నీళ్ళు దిగిన చోటే కారవు. కాకినాడలో ఒక ఇంట్లో సరిగ్గా హాలు మధ్యలో, ఫ్యాను గిన్నె అంచున బొట్టు పడేది. ఇంటాయన కొలత వేయించి, డాబా మీద సరిగ్గా ఆ చోటనే తవ్వించి, రెండుసార్లు మాలు వేయించాడు. కారడం ఆగలేదు. మేం వెళ్ళి డాబాని నాలుగు మడులు కట్టాం. సిమెంటు మాలుతో నాలుగంగుళాల గట్లు పోసి, ఒక్కో మడిలో రెండంగుళాల నీళ్ళు నిలిపి, ఒక మడి ఆరాకే రెండో మడి నింపుతూ పోయాం. నడుమ ఉన్న రెండు మడులూ ఒక రాత్రీ ఒక పగలూ నిండా నీళ్ళతో ఉన్నాయి, కింద చుక్క లేదు. దక్షిణం పిట్టగోడ వారగా ఉన్న మడిలో నీళ్ళు పోసిన మూడు గంటలకి ఫ్యాను గిన్నె అంచు మెరిసింది. వెళ్ళి చూస్తే, ఆ మూలన టీవీ డిష్ కాళ్ళు బిగించడానికి శ్లాబుకి నాలుగు బోల్టులు కొట్టారు. అవి తుప్పుపట్టి, చుట్టూ వేలిగోరు పట్టేంత సందు. అక్కడ దిగిన నీళ్ళు కరెంటు పైపు పట్టుకుని పన్నెండడుగులు నడిచి హాలు మధ్యకి వచ్చాయి. ఆ నాలుగు రంధ్రాలు పూడ్చడానికి అయిన ఖర్చు, ఆయన ముందు తవ్వించిన కూలీలో పదోవంతు కూడా కాదు.

ఈ నీళ్ళ పరీక్ష ఎవరి ఇంట్లోనైనా చేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. కప్పు ఇప్పటికే వంగినట్టున్నా, పెద్ద పెద్ద పెచ్చులు ఊడిపోయి కడ్డీలు బయటపడి ఉన్నా, దాని మీద నీళ్ళు నిలపొద్దు. రెండంగుళాల నీళ్ళంటే చదరపు మీటరుకి 50 కిలోలు.

అసలు శ్లాబు ఎందుకు చెడుతుంది? శ్లాబంటే రాయి, ఇక దానికి చావులేదని మన నమ్మకం. కాంక్రీటు నొక్కుడుకి ఆగుతుంది గానీ లాగుడుకి ఆగదు. అందుకే శ్లాబు అడుగున ఇనుప కడ్డీలు పెడతారు. ఆ కడ్డీల కింద, అంటే మనకి కప్పుగా కనిపించే వైపున, కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు మందం ఉండాలని ఐ.ఎస్. 456 అనే మన భారతీయ ప్రమాణం చెబుతుంది. సముద్రం దగ్గరైతే ఇంకా ఎక్కువ. 20 మిల్లీమీటర్లంటే ముప్పావు అంగుళం. ఇంటి ఆయుష్షంతా ఆ ముప్పావు అంగుళంలో ఉంది. దాని కోసం కడ్డీల కింద కవర్ బ్లాకులని చిన్న సిమెంటు బిళ్ళలు పెట్టాలి. మన దగ్గర శ్లాబు పోసేనాడు చూడండి, చాలాచోట్ల బిళ్ళల బదులు అక్కడక్కడా కంకరరాయి దోపి ఉంటుంది. తట్టలు మోసేవాళ్ళు కడ్డీల మీదే అటూ ఇటూ తిరుగుతారు, రాయి పక్కకి జారుతుంది, కడ్డీ వెళ్ళి సెంట్రింగు రేకుకి ఆనుకుంటుంది. ఆ పైన కాంక్రీటు జారుగా ఉంటే పని తొందరగా అవుతుందని ఇంకో రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరిస్తారు. ఆ ఎక్కువ నీళ్ళు ఆరిపోయాక లోపల సన్నటి దారులు మిగులుతాయి. సెంట్రింగు విప్పిన రోజున ఇవేమీ కనబడవు. నున్నగా ప్లాస్టరింగు చేసేస్తారు.

మంచి కాంక్రీటుకి క్షారగుణం ఎక్కువ. అందులో ఉన్నంతకాలం ఇనుము మీద కంటికి కనిపించని రక్షణ పొర ఒకటి నిలబడుతుంది. గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ ఏళ్ళ తరబడి మెల్లగా లోపలికి వెళుతూ ఆ క్షారాన్ని తగ్గించుకుంటూ వస్తుంది. అది కడ్డీని చేరాక రక్షణ పొర పోతుంది, తడి తగిలితే తుప్పు మొదలవుతుంది. ముప్పావు అంగుళం నాణ్యమైన కాంక్రీటు దాటడానికి దానికి కొన్ని పదుల ఏళ్ళు పడుతుంది. పావు అంగుళం నాసి కాంక్రీటుకి అంతకాలం ఎందుకు? విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్ళలోనూ, ఉప్పు బోరు నీళ్ళతో కాంక్రీటు కలిపిన డెల్టా ఊళ్ళలోనూ ఇంత ఎదురుచూపు కూడా ఉండదు. ఉప్పు ఆ పొరని నేరుగా తినేస్తుంది.

తుప్పు, తాను తిన్న ఇనుముకంటే రెండింతల నుంచి ఆరింతల దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కడ్డీ లోపల్నుంచి ఉబ్బి కింది కాంక్రీటుని నెట్టేస్తుంది. మనం పెచ్చులూడుతున్నాయి అనేది దీన్నే. రాలిన పెచ్చుని ఒకసారి చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. లోపలివైపు కడ్డీ పడుకున్న గాడి అచ్చుపడి ఉంటుంది, గాడి పొడుగునా కాషాయ రంగు. పైన కడ్డీని గోటితో గీరితే తుప్పు పూతరేకుల్లా పొరలు పొరలుగా లేచివస్తుంది. ఆ పొరలన్నీ రాల్చాక, ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాల్సిన కడ్డీ ఎంత మిగిలిందో చూస్తే, ఇంటి పరిస్థితి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మన పాత కప్పుల మాట తలుచుకోకుండా ఉండలేను. రాయలసీమలో మట్టి మిద్దెలుండేవి. దూలాల మీద కట్టెలు పరిచి, మట్టి కప్పి, ఆ పైన ఏటా వానలకి ముందు చౌడు మట్టి పరిచేవాళ్ళు. పొలంలో పంటని చంపే చౌడు మిద్దె మీదికి వస్తే ఇంటిని కాపాడేది. దాంట్లోని సోడియం వల్ల తొలివానకే మట్టి రేణువులు విడిపోయి, సన్నటి రంధ్రాలన్నిటినీ మూసేసేవి. కోస్తా పట్టణాల్లో మద్రాసు టెర్రస్ ఉండేది. టేకు దూలాల మీద చిన్న పలుచని ఇటుకల్ని అంచుమీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చి, పైన ఇటుక జల్లి, డంగు సున్నం పోసి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు చిలకరిస్తూ కూలీలు చెక్క బడితలతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. ఆ కప్పులు గొప్పవి, ఇప్పటివి దండగ అని అనను. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే మట్టి మిద్దెలు కూలి మనుషులు పోయిన ఊళ్ళున్నాయి. కానీ ఆ ఇళ్ళవాళ్ళకి ఒక సంగతి తెలుసు: కప్పుకి ఏటా పని ఉంటుంది. పెంకుటింటికి గూనపెంకులు సర్దించడం, మిద్దెకి మట్టి తోలించడం, ఇవి దుక్కికీ విత్తనానికీ పెట్టినట్టే పెట్టుకున్న ఖర్చులు. శ్లాబు వచ్చాక ఆ అలవాటు పోయింది. గృహప్రవేశం నాటి నుంచి బట్టలారేయడానికి తప్ప డాబా ఎక్కని ఇళ్ళు ఎన్నో.

మరి ఏటా ఏం చేయాలి? రోహిణి కార్తెలో, మృగశిర రాకముందు ఒక పొద్దుట డాబా ఎక్కండి. ముందు తూములు చూడండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 9 వేల లీటర్ల పైచిలుకు నీళ్ళు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు రెండు మీ నెత్తిమీద దించినట్టు. అదంతా రెండు గొట్టాల గుండా పోవాలి. హైదరాబాదు డాబాల మీద ఆ గొట్టాల నోట్లో ఉండేవి వేపాకులు, సంక్రాంతి గాలిపటాల ముక్కలు, పాల ప్యాకెట్లు. గొట్టానికి జాలీ పెట్టించండి, కానీ జాలీ పెట్టించాక వానాకాలంలో వారానికోసారి దాన్ని తుడవాలి, లేకపోతే అదే మూతవుతుంది. నీళ్ళు తూముకేసి పోవడానికి వాటం ఉందా అనేది బకెట్ నీళ్ళు కుమ్మరిస్తే తెలుస్తుంది. పదడుగులకి అంగుళంపైన కొంచెం వాటం ఉండాలి. వాన వెలిసిన మర్నాటికి కూడా ఎక్కడ మడుగు నిలిచిందో అక్కడ సుద్దతో గీత గీసుకోండి.

పిట్టగోడ మూలల్లో రావి మొక్కలో మర్రి మొక్కలో కనిపిస్తాయి. పిట్టల రెట్టలతో పడిన గింజలు. రావి మొక్కని పీకడానికి మనవాళ్ళకి చేయి రాదు, పాపమనే భయం. పీకేవాళ్ళు కూడా పైపైన తెంపేసి వస్తారు. ఆ మొక్కకి తెంపడం ఒక లెక్క కాదు, వేరు సందులోనే ఉండి ఇంకా లావెక్కి చీల్చుకుంటూ పోతుంది. చిన్నగా ఉన్నప్పుడే వేరుతో సహా, అవసరమైతే అక్కడి మాలు కొంచెం చెక్కి తీసి, సందు మళ్ళీ పూడ్చాలి. మనసొప్పకపోతే పెకలించిన మొక్కని చెరువుగట్టున నాటండి.

ఇప్పుడు మిద్దెతోటల కాలం. డాబా మీద వంగా బెండా పండించుకోవడం మంచి అలవాటే. కుండీలని నేరుగా శ్లాబు మీద పెట్టకుండా ఇనుప స్టాండు మీదో ఇటుకల మీదో ఎత్తులో పెడితే కింద ఆరడానికి గాలి తగులుతుంది, చెత్త ఊడవడానికి చోటుంటుంది.

ఇక బాగుచేసే పని. మేస్త్రీని పిలిస్తే మొదట చెప్పే మాట ఇది: "సార్, పైన రెండంగుళాల మాలు వేసేద్దాం, ఇక జన్మలో కారదు." వినడానికి బాగుంటుంది. అంగుళం మందాన సిమెంటు మాలు చదరపు మీటరుకి 50 కిలోల బరువు. మనుషులు ఎక్కే డాబాని డిజైను చేసేటప్పుడు, దాని మీదికి వచ్చే మనుషులకీ సామాన్లకీ కలిపి ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునేది చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. మూడు అంగుళాల మాలు వేస్తే ఆ జాగా మొత్తం మాలే తినేసింది. ఇరవై ముప్పై ఏళ్ళలో ముగ్గురు మేస్త్రీలు ఒకరి మీద ఒకరు రెండేసి అంగుళాలు వేసిన డాబాలు నేను చూశాను. పైగా అంత మందం మాలు ఎండకి పగులుతుంది, ఆ పగుళ్ళ గుండా దిగిన నీళ్ళు పాత పొరకీ కొత్త పొరకీ మధ్య నిలిచిపోయి, వాన పోయిన నెల తర్వాత కూడా కారుతుంటాయి. పాత పొర డొల్లైతే తీసేసి వేయాలి గానీ దాని మీద వేయకూడదు.

వాటం సరిగ్గా ఉన్న డాబాకి పైపూత చాలు. పగుళ్ళని వి ఆకారంలో కొంచెం చెక్కి, దుమ్ము ఊడ్చి, సాగే గుణమున్న సీలెంటుతో పూడ్చాలి. పిట్టగోడా శ్లాబూ కలిసే మూలని మాలుతో గుండ్రంగా తిప్పాలి, ఎందుకంటే పదునైన మూలలో ఏ పూతైనా ముందు అక్కడే చిరుగుతుంది. ఆ తర్వాత డాబా అంతా తీగల బ్రష్షుతో రుద్ది కడిగి, బాగా ఆరనిచ్చి, ప్రైమరు, ఆ పైన రెండు కోట్లు, మొదటిది నిలువునా రెండోది అడ్డంగా, మధ్యలో ఫైబర్ జాలీ. పూత పిట్టగోడ మీదికి కనీసం అడుగు ఎక్కాలి. మిట్టమధ్యాహ్నం శ్లాబు కాలిపోతున్నప్పుడు పూస్తే బుడగలు లేస్తాయి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ పూయించండి. తారు షీటు వేయించేవాళ్ళు, మంట పెట్టి అతికించే 3 లేదా 4 మిల్లీమీటర్ల రకాన్ని పనితెలిసినవాళ్ళ చేతనే వేయించండి. షీటు మీద షీటు ఎక్కే అంచు దగ్గర ఒక్క జానెడు అంటుకోకపోయినా పడిన పాటంతా వృథా.

మరొక పొరపాటు ఈమధ్య ఎక్కువైంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చాక, ఎండ వేడి తగ్గడానికి డాబాలకి తెల్లరంగు వేయించడం పెరిగింది. చాలా మంచి పని. శ్లాబు వేడెక్కి చల్లారే ఊపు కూడా తగ్గి పగుళ్ళు తగ్గుతాయి. కానీ వేడిని ఆపే రంగు నీళ్ళని కూడా ఆపాలని ఏమీ లేదు. డబ్బా మీద రెండూ చేస్తుందని రాసి ఉందో లేదో చదివి కొనండి.

ఇవన్నీ ఎండల్లో చేయాల్సిన పనులు. జూలైలో వాన మధ్య పూత వేస్తానన్న మనిషికి డబ్బులివ్వకండి. తడి శ్లాబు మీద పూత నిలవదు. అప్పటికి చేయగలిగింది తూములు బాగుచేసి, మంచి టార్పాలిన్ ఒకటి పిట్టగోడ మీదుగా దించి కట్టడం. నెల్లూరు వైపువాళ్ళకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి ఇంకో రెండు మూడు నెలలు వెసులుబాటుంది.

పై పని అయ్యాక, కారడం ఆగిందని ఒక వాన చూసి నమ్మకం కుదిరాక, అప్పుడు కింద. చిన్న సుత్తితో కప్పు అంతా మెల్లగా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి శబ్దం వచ్చిన చోట వదిలేయండి. డొల్ల శబ్దం వచ్చినంత మేరా చెక్కేయాల్సిందే. కడ్డీ వెనక వేలు దూరేంత సందు వచ్చేదాకా చెక్కి, తీగల బ్రష్షుతో ఇనుము మెరిసేలా రుద్ది, తుప్పు ఆపే జింకు ప్రైమరు వేసి, పాత కాంక్రీటుకి కొత్తది అంటుకునే బాండింగ్ పూత పెట్టి, పాలిమర్ కలిపిన మాలుని పలుచటి పొరలుగా ఎక్కించాలి. ఒకేసారి రెండంగుళాలు కొడితే రాత్రికి నేలమీదుంటుంది. మామూలు సిమెంటు ఇసుక మాలు పట్టించి, తుప్పు కడ్డీని అలాగే మూసేసే మేస్త్రీలుంటారు. అది రెండేళ్ళ ముచ్చట. కడ్డీలు సన్నబడినా, శ్లాబు వంగినా, గది సగానికి పైగా డొల్ల మోగినా మేస్త్రీతో సరిపెట్టకండి, స్ట్రక్చరల్ ఇంజనీరుని తీసుకురండి. ఆయన వచ్చేదాకా ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టొద్దు.

రంగు వేయబోయే ముందు చదరపు అడుగున్నర ప్లాస్టిక్ కాగితాన్ని కప్పుకి నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. లోపలివైపు చెమట పట్టిందంటే శ్లాబు ఇంకా ఆరలేదు. నల్లటి బూజు ఉంటే ముక్కుకి గుడ్డ కట్టుకుని తుడవండి. ఆస్తమా ఉన్నవాళ్ళని ఆ రోజు ఆ గదిలోకి రానీయకండి.

ఇంతదాకా డాబా మాట. అపార్టుమెంట్లలో జగడాలన్నీ స్నానాల గది దగ్గరే వస్తాయి. అక్కడ పైపులు దాచడానికి శ్లాబుని అడుగు దాకా కిందికి దించి పోసి, ఆ గుంతని ఇటుక ముక్కలతో నింపి టైల్స్ వేస్తారు. టైల్స్ సందుల్లోంచో, నేలమీది నీళ్ళు పోయే నహానీ ట్రాప్ మూతి పక్కనుంచో నీళ్ళు దిగి, గుంత నిండి, అప్పుడు కింది ఇంటి కప్పు మీద ప్రత్యక్షమవుతాయి. పై ఇంటి నేల మాత్రం పొడిగా, శుభ్రంగా ఉంటుంది. అందుకే పై ఇంటావిడ "మా బాత్రూము అద్దంలా ఉంది వదినగారూ, మీరే వచ్చి చూడండి" అంటే అబద్ధం చెబుతోందని అనుకోకండి. ఒక ఆదివారం వాళ్ళని అడిగి, ట్రాప్ మూసి, నేలమీద రంగు కలిపిన నీళ్ళు ఒక రోజు నిలపండి. కింద ఆ రంగు పడితే నేలది తప్పు. పడకపోతే ట్రాప్ తెరిచి, ఇంకో రంగు నీళ్ళు పోసి పైపుని చూడండి. చాలాసార్లు టైల్స్ పీకకుండానే, సందులు గీకి ఎపాక్సీ గ్రౌట్ నింపి, ట్రాప్ చుట్టూ సీల్ చేస్తే సరిపోతుంది. పైప్ జాయింటే పోయి ఉంటే మాత్రం తవ్వక తప్పదు.

కొత్త ఫ్లాటు అయితే చట్టం మీ వైపుంది. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షను ప్రకారం, స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 ఏళ్ళలోపు కట్టుబడి లోపం బయటపడి బిల్డరుకి తెలియజేస్తే, పైసా తీసుకోకుండా 30 రోజుల్లో బాగుచేయాల్సిన బాధ్యత ఆయనదే. మాటలతో కాదు, తేదీ ఉన్న ఫోటోలు జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. పాత అపార్టుమెంటైతే డాబా కారుడు ఖర్చు ఎవరిదన్న పేచీ వస్తుంది. మన 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం లెక్కలో కప్పు అందరి ఉమ్మడి ఆస్తి, పై అంతస్తువాడి సొంతం కాదు. అయినా అసోసియేషన్ మీటింగులో రెండో అంతస్తాయన లేచి "మా ఇంట్లో కారట్లేదు కదండీ, మేమెందుకివ్వాలి" అంటాడు. పైన ఉన్న ట్యాంకు నీళ్ళు ఎవరెవరి కొళాయిలకి వస్తున్నాయో ఒకసారి ఆయన్నే చెప్పమనండి.